నేల తగలని చోట ఆడే ఆట



మొన్న రథసప్తమికి అరసవల్లి గుడి దగ్గర మన పెద్ద క్లాసుల పిల్లలతో కలిసి భక్తులకు మంచినీళ్లు అందించే పనిలో ఉన్నాను. మధ్యలో కాస్త తెరిపి దొరికితే ఇంద్ర పుష్కరిణి వైపు వెళ్లి నిలబడ్డాను. మెట్ల మీద ఒక కుటుంబం కనిపించింది. తాత, కొడుకు, మనవడు. మనవడు మన స్కూల్లోనే ఆరో తరగతి. తాతగారు చకచకా మెట్లు దిగి మూడు మునకలు వేసి లేచారు. కొడుకు రెండో మెట్టు దగ్గరే ఆగి, పిల్లవాడి చొక్కా కాలర్ గట్టిగా పట్టుకుని, చెంబుతో నీళ్లు వాడి నెత్తిన పోశాడు.

తాతగారు తల తుడుచుకుంటూ మనవడితో అన్నారు: "నీ ఈడుకి నాను నాగావళి అవతలొడ్డుకి ఈదేసీవోణ్ణిరా. మీ నాన్నకి నేర్పలేకపోనాను. నీకు నేర్పీవోళ్లే లేరు."

ఆ మాట నా మనసులోంచి పోలేదు. నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఆ చివరి వాక్యం నన్ను ఉద్దేశించి అన్నది కాకపోయినా, నాకే తగిలింది. అందుకే ఈ నెల ఈ పేజీ ఈత గురించి రాస్తున్నాను. మామూలు ఈత గురించి కాదు, వాటర్ పోలో అనే ఆట గురించి. ఆట పేరు చెప్పి ఈత ఎందుకంటారా? చివరిదాకా చదవండి, తెలుస్తుంది.

నా కథ కొంచెం

మాది నాగావళి ఒడ్డు ఊరు. తొమ్మిదో తరగతిలో నేను జిల్లాస్థాయి పరుగు పందేల్లో ఉన్నవాణ్ణి. కాళ్లలో బలం ఉంటే ఎక్కడైనా బతికేయొచ్చు అనుకునే వయసు. ఒక ఆదివారం స్నేహితులతో ఏటిలో దిగాను. మోకాలి లోతు, తొడ లోతు, నడుము లోతు... తర్వాతి అడుగుకి నేల లేదు. ఇసుక తవ్వేసిన గొయ్యి. పైన నీరు ప్రశాంతంగానే ఉంది. కింద ఏముందో ఎవరికి తెలుసు?

కేక వేద్దామంటే నోట్లోకి నీళ్లు. చేతులు పైకెత్తుదామంటే ఇంకా కిందికి. పరుగు పందేల్లో గెలిపించిన కాళ్లు ఆ రోజు ఎందుకూ పనికి రాలేదు. నన్ను జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగినవాడు మా క్లాసులో వెనక బెంచీలో కూర్చునే బెస్తవారి పిల్లవాడు. చదువులో వాడికి ఎప్పుడూ నా కన్నా తక్కువ మార్కులే. ఆ రోజు పరీక్ష వేరు. అందులో వాడు పాసయ్యాడు, నేను ఫెయిలయ్యాను.

తర్వాత వ్యాయామ విద్యలో శిక్షణకి వెళ్లినప్పుడు మొదటిసారి వాటర్ పోలో చూశాను. రెండు మీటర్ల లోతు నీళ్లలో పద్నాలుగు మంది గంటసేపు బంతి కోసం పెనుగులాడుతున్నారు. ఒక్కరి కాలు కూడా నేలకి ఆనడం లేదు. నేను చచ్చిపోబోయిన చోటులాంటి చోట వీళ్లు ఆడుకుంటున్నారు! ఆ రోజు నుంచి ఆ ఆట మీద నాకు గౌరవం.

ఆట ఎలా ఉంటుందంటే

కబడ్డీ తెలిసినవారికి ఈ ఆట అర్థం చేసుకోవడం తేలిక. కబడ్డీలోలాగే జట్టుకి ఏడుగురు. ఆరుగురు ఆటగాళ్లు, ఒక గోల్ కీపర్. కబడ్డీలో కూతకి 30 సెకన్లు గడువు ఉన్నట్టే, ఇక్కడ బంతి చేతికి వచ్చిన జట్టు చాలాకాలం 30 సెకన్లలోగా గోల్ మీదికి కొట్టాలనే నియమం ఉండేది. ఈమధ్య అంతర్జాతీయ పోటీల్లో ఆ గడువు ఇంకా తగ్గించారు. అంటే బంతి దాచుకుని కాలక్షేపం చేయడం కుదరదు.

కొలనులో లోతు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, 2 మీటర్లయితే మంచిది. ఆటగాడు నేల మీద కాలు మోపి ఆడకూడదు. గోల్ పోస్టు 3 మీటర్ల వెడల్పు, నీటి మీద 90 సెంటీమీటర్ల ఎత్తు. మగవారి బంతి బరువు 400 నుంచి 450 గ్రాములు. గోల్ కీపర్ తప్ప ఎవరూ రెండు చేతులతో బంతి పట్టుకోకూడదు. తడి బంతిని ఒంటి చేత్తో పట్టాలి, ఒంటి చేత్తో విసరాలి. ఆట నాలుగు భాగాలు, ఒక్కొక్కటి 8 నిమిషాలు. ఆట ఆగినప్పుడల్లా గడియారం కూడా ఆగుతుంది కాబట్టి, 32 నిమిషాల ఆట పూర్తయ్యేసరికి చాలా ఎక్కువ సమయమే పడుతుంది.

మొదలుపెట్టడం చూడముచ్చటగా ఉంటుంది. రెండు జట్లూ ఎవరి గోల్ గీత దగ్గర వాళ్లు వరుసగా ఉంటారు. విజిల్ వినపడగానే మధ్యలో ఉన్న బంతి కోసం ఈదుకుంటూ దూసుకొస్తారు. ఒక జట్టుకి తెల్ల టోపీలు, ఇంకో జట్టుకి ముదురు రంగువి, గోల్ కీపర్లకి ఎర్రవి. టోపీలకి చెవుల దగ్గర గట్టి రక్షణ ఉంటుంది, ఎందుకంటే చెవికి దెబ్బ తగిలితే ప్రమాదం.

ఈ ఆటలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటి ఉంది. బంతి చేతిలో ఉన్నవాణ్ణి ఎదుటివాడు పట్టుకోవచ్చు, నెట్టవచ్చు, ముంచవచ్చు కూడా. కానీ అతను బంతిని వదిలేసిన మరుక్షణం ముట్టుకుంటే ఫౌల్. అందుకని తెలివైన ఆటగాడు బంతిని గట్టిగా పట్టుకోడు. నీటి మీద వదిలి, పక్కనే కాపలా కాస్తాడు. అవసరమైనప్పుడే అందుకుంటాడు. అన్నీ గుప్పిట్లో బిగించి పట్టుకునేవాడే ముందు మునుగుతాడు.

చిన్న ఫౌల్ చేస్తే ఎదుటి జట్టుకి బంతి ఇస్తారు. పెద్ద ఫౌల్ చేస్తే ఆ ఆటగాడు సుమారు 20 సెకన్లు పక్కకి వెళ్లాలి. ఆ కాస్త సేపు అతని జట్టు ఒక మనిషి తక్కువతో గోల్ కాపాడుకోవాలి. గోల్స్‌లో చాలా భాగం అప్పుడే పడతాయి. అలాంటి పెద్ద తప్పులు మూడు చేసినవాడికి ఆ మ్యాచ్‌లో ఇక చోటు లేదు. ఒకడి కోపానికి మిగతా వాళ్లందరూ మూల్యం చెల్లిస్తారని పిల్లలకి నేను వంద ఉపన్యాసాలిచ్చినా ఎక్కదు. ఆ 20 సెకన్లలో ఎక్కుతుంది.

కవ్వం తిప్పే కాళ్లు

సరే, నేల తగలకుండా అంతసేపు ఎలా ఉంటారు? దానికో కిటుకు ఉంది. ఎగ్‌బీటర్ కిక్ అంటారు. కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి, ఒక కాలు ఒక వైపు, రెండో కాలు రెండో వైపు, ఒకదాని తర్వాత ఒకటి గుండ్రంగా తిప్పుతారు. మన ఇళ్లలో కవ్వంతో మజ్జిగ చిలకడం గుర్తు చేసుకోండి. ఆ తిప్పుడు ఆగకుండా సాగుతుంటే ఒళ్లు నిటారుగా, తల నీటి పైన, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. బాగా సాధన చేసినవాళ్లు ఛాతీ దాకా నీటి పైకి లేచి బంతి విసురుతారు.

తల్లిదండ్రులకి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. సాధారణంగా స్విమ్మింగ్ క్లాసుల్లో పిల్లలకి నేర్పేది ఈ గోడ నుంచి ఆ గోడకి వేగంగా వెళ్లడం. మంచిదే. కానీ ఏటిలో, చెరువులో, సముద్రంలో జారిపడిన పిల్లవాడికి పట్టుకోవడానికి గోడ ఉండదు. వాడికి ముందుగా కావలసింది వేగం కాదు. తల పైకి ఉంచి, ఊపిరి తీసుకుంటూ, ఎటు వెళ్లాలో చూసుకుంటూ, సాయం వచ్చేదాకా ఉన్నచోట ఉండగలగడం. వాటర్ పోలో సాధనలో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చేయించేది ఇదే. లైఫ్‌గార్డులు కూడా ఇదే కిక్ సాధన చేస్తారు, ఎందుకంటే ఇంకొకరిని పట్టుకోవాలంటే వాళ్లకి చేతులు ఖాళీగా ఉండాలి.

పైగా పిల్లలు వ్యాయామాన్ని త్వరగా వదిలేస్తారు, ఆటని వదలరు. ఐదు నిమిషాలు నీళ్లలో కాళ్లాడించమంటే రెండో నిమిషానికే "సార్, అలసిపోయాం" అంటారు. చేతికి బంతి ఇచ్చి రెండు జట్లు చేస్తే, ఇరవై నిమిషాలైనా బయటికి రారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వీరిలో నూటికి తొంభై మందికి పైగా మనలాంటి అల్పాదాయ, మధ్యాదాయ దేశాల వారే. బడి వయసు పిల్లలకి ప్రాథమిక ఈత, నీటి భద్రత నేర్పమని ఆ సంస్థ సిఫార్సు చేస్తోంది. ఏటా జూలై 25ని నీటి ప్రమాదాల నివారణ దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి 2021లో నిర్ణయించింది. మన క్యాలెండర్‌లో అన్ని దినోత్సవాలూ జరుపుతున్నాం. దీన్ని కూడా చేర్చుకుంటే బాగుంటుంది.

"ఇది మన ఆట కాదు కదా మాస్టారూ"

ఈ మాట చాలామంది అంటారు. నిజానికి ఇది 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో పుట్టిన ఆట. 1900 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. అయితే మన దేశానికి కొత్తేమీ కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు వాటర్ పోలో ఆడింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో మనకి ఈ ఆటలో స్వర్ణం వచ్చింది. 1970లో రజతం, 1982లో కాంస్యం. అదే 1951 క్రీడల్లో 100 మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచిన సచిన్ నాగ్ కూడా లండన్‌లో భారత వాటర్ పోలో జట్టులో ఆడినవాడే.

మరి ఆ కాలంలో మన వాళ్లు ఎక్కడ నేర్చుకున్నారు? పాలరాతి కొలనుల్లో కాదు. కలకత్తా కాలేజ్ స్క్వేర్‌లో ఉన్నది ఒక పాత చెరువు. దాని గట్టున ఈత క్లబ్బులు వెలిశాయి. ఇప్పటికీ జాతీయ పోటీల్లో బెంగాల్, కేరళ జట్లు బలంగా ఉంటాయి. రెండూ చెరువులు, కాలువలు, వాగుల మధ్య పిల్లలు పెరిగే రాష్ట్రాలే.

ఒలింపిక్స్ పురుషుల వాటర్ పోలోలో 9 స్వర్ణాలతో అందరి కన్నా ముందున్న దేశం హంగరీ. ఆ దేశానికి సముద్రమే లేదు! మన జిల్లాకి 190 కిలోమీటర్లకి పైగా తీరం ఉంది. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా ఉన్నాయి. ఊరికో చెరువు ఉంది. అయినా మన స్కూళ్ల పిల్లల్లో ఎక్కువమందికి ఈత రాదు. ఈత వచ్చింది మనం ఫీజు కట్టని బడుల్లో చదివే మత్స్యకారుల పిల్లలకి.

ఇంకో సంగతి. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. అదే సిడ్నీలో, అదే వారంలో, మహిళల వాటర్ పోలో ఒలింపిక్స్‌లో మొదటిసారి జరిగింది. ఫైనల్లో ఆస్ట్రేలియా అమ్మాయిలు అమెరికా మీద 4-3తో గెలిచారు. గెలుపు గోల్ పడింది ఆట ముగియడానికి రెండు సెకన్లు కూడా లేనప్పుడు. ఆడపిల్లలు బరువులెత్తడమేమిటని అడిగిన రోజుల్లోనే ఈ జిల్లా జవాబు చెప్పింది. నీళ్లలో దిగడమేమిటని ఇప్పుడు అడిగితే ఏం చెబుదాం?

మీ అభ్యంతరాలు, నా జవాబులు

పేరెంట్స్ మీటింగుల్లో ఈ మాటెత్తితే వచ్చే ప్రశ్నలు నాకు తెలుసు. ఒక నాన్నగారు నవ్వుతూనే అడిగారు: "ఏటి మాస్టారూ, ఈతొస్తే ర్యాంకొస్తాదా?"

రాదండి. ఈతకి, ర్యాంకుకి సంబంధం ఉందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ర్యాంకు తెచ్చుకోవడానికి పిల్లవాడు ఉండాలి కదా, అంతే నా జవాబు. ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి ఏడాదే స్నేహితులతో బీచ్‌కో, జలపాతానికో, డ్యామ్‌కో వెళ్తాడు. అక్కడ మీరూ ఉండరు, నేనూ ఉండను.

"ఆడపిల్లలకి బట్టలు ఇబ్బంది, రంగు తగ్గిపోతారు" అనేవారున్నారు. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అమ్మాయిలకి వేరే బ్యాచ్, లేడీ కోచ్ కావాలని అడగడం మీ హక్కు. అడగండి. రంగు మాటకి జవాబు చెప్పాల్సిన పని లేదు. మనం కొలిచేది సూర్యభగవానుణ్ణి. ఆయన ఎండకి భయపడడం మనకే బాగోదు.

"ఇది మొరటు ఆట, దెబ్బలు తగులుతాయి" అన్న మాట నిజం. నీటి కింద రెఫరీకి కనిపించని గుంజులాటలు ఉంటాయి. అందుకే మ్యాచ్‌కి ముందు ఆటగాళ్ల గోళ్లు కూడా తనిఖీ చేస్తారు. నేను ఆరో తరగతి పిల్లలకి పెద్దల ఆట ఆడించమనడం లేదు. చిన్న కొలను, చిన్న బంతి, తక్కువ మంది, ముంచడం నిషేధం. అలా మొదలుపెట్టవచ్చు. ఈత బాగా వచ్చాకే లోతుకి వెళ్లాలి.

"ఈత వస్తే ధైర్యం పెరిగి ఏటిలోకి పోతారు కదా" అన్నది అన్నిటికన్నా మంచి ప్రశ్న. నాకూ ఆ భయం ఉంది. అందుకే ఈతతో పాటు భయం కూడా నేర్పాలి. ఇక్కడ చినుకు పడకపోయినా ఒడిశా కొండల్లో వాన పడితే నాగావళి పెరుగుతుందని చెప్పాలి. ఇసుక గోతుల గురించి చెప్పాలి. కొలనులో వంద మీటర్లు ఈదినవాడు కళింగపట్నం అలల్లో పది మీటర్లు ఈదలేకపోవచ్చని చెప్పాలి. మునిగిపోయేవాడు సినిమాల్లోలాగా కేకలు వేయడు, చాలాసార్లు నిశ్శబ్దంగా మునిగిపోతాడని చెప్పాలి. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకొద్దని, పెద్దవాళ్లని కేకేసి, తాడో, కర్రో, చున్నీయో, మూత బిగించిన ఖాళీ క్యానో అందించమని చెప్పాలి. ఒకణ్ణి కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం ప్రతి వేసవిలోనూ చదువుతూనే ఉన్నాం.

మా వైపు తప్పు

ఇప్పుడు మా సంగతి. గేమ్స్ పీరియడ్ టైమ్‌టేబుల్‌లో ఉంటుంది. యూనిట్ టెస్టు వస్తే ముందు పోయేది అదే. ఎనిమిదో తరగతి దాటాక ఫౌండేషన్ క్లాసులు దాన్ని మింగేస్తాయి. అలా పోతుంటే నాలాంటి పీఈటీలు గట్టిగా అడగలేదు. అందులో మా పిరికితనం ఉంది. ప్రైవేటు స్కూళ్ల బ్రోచర్లలో నీలి రంగు కొలను బొమ్మలు చాలా చూస్తాం. బొమ్మలో నీళ్లున్నంత మాత్రాన పిల్లలకి ఈత రాదు. ఏ స్కూలైనా సరే, అడ్మిషన్ రోజున "పూల్ ఉందా?" అని కాదు, "ఈ ఏడాది ఎంతమందికి ఈత నేర్పారు? నీళ్ల దగ్గర లైఫ్‌గార్డు ఎవరు?" అని అడగండి.

నేను కోరేది రేపటికల్లా పెద్ద కొలను కట్టమని కాదు. బంగ్లాదేశ్‌లో ఊరి చెరువులో వెదురు బొంగులతో వేదిక కట్టి, దాని లోపల వేలమంది చిన్నపిల్లలకి ఈత నేర్పారు. డబ్బు కన్నా పట్టుదల ముఖ్యమని అది చూస్తే తెలుస్తుంది. మనకి కావలసినవి మూడే.

మొదటిది, ఏడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ నీటిపై వెల్లకిలా తేలడం, ఉన్నచోట కాళ్లాడిస్తూ ఐదు నిమిషాలు ఉండడం, 25 మీటర్లు ఈదడం నేర్చుకోవాలి. ప్రోగ్రెస్ కార్డులో దానికి ఒక గడి ఉండాలి. మార్కులొద్దు, 'వచ్చింది' లేదా 'ఇంకా రాలేదు' అని ఉంటే చాలు.

రెండోది, దగ్గరలో శిక్షకుడు, లైఫ్‌గార్డు ఉన్న కొలనుతో ఏర్పాటు చేసుకుని, వేసవిలో మూడు వారాల శిబిరం పెట్టాలి. ఆసక్తి, సత్తా ఉన్న పిల్లలని తర్వాత విశాఖ తీసుకెళ్లి పెద్ద కొలనులో ఆడించవచ్చు.

మూడోది మీ చేతిలో ఉంది. ఈత నేర్చుకున్న పిల్లలు వదిలేయకుండా ఉండాలంటే వాళ్లకి ఒక ఆట కావాలి. నెలకి రెండుసార్లు, ఒక బంతి, రెండు జట్లు. దానికి ఒక ఆదివారం ఉదయం ట్యూషన్ నుంచి వాళ్లని వదలండి.

మన స్వామి రథానికి గుర్రాలు ఏడు. వాటర్ పోలో జట్టుకి మనుషులూ ఏడుగురే. మన క్యాంపస్ నుంచి అలాంటి ఏడుగురిని నీళ్లలో చూడాలని నా ఆశ. జాతీయ జట్టుకి వెళ్తారో లేదో తెలియదు. ఇంటికి మాత్రం క్షేమంగా వస్తారు.

ఆ రోజు పుష్కరిణి దగ్గర ఆరో తరగతి పిల్లవాడు నన్ను చూసి, కాలర్ విడిపించుకుని పరుగెత్తుకొచ్చి అడిగాడు: "సార్, మీకు ఈత వచ్చా?" వచ్చన్నాను. "అయితే నాకు నేర్పండి సార్." వాళ్ల నాన్నగారు నా వైపు చూశారు. వద్దనలేదు, సరే అని కూడా అనలేదు.

మీరేమంటారు? సరే అంటే పిల్లల డైరీలో ఒక్క ముక్క రాసి, సంతకం చేసి పంపండి. వద్దంటే ఎందుకో అది కూడా రాయండి. అన్నీ కలిపి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద నేనే పెడతాను.